అడగవద్దన్న కిరాయి

మన గూడేల్లో కిరాయి ఇల్లు అన్నది లేదు. కొత్తగా పెళ్ళైన జంటకు ఇల్లు కావాలంటే పట్లకు చెప్తారు, జాగ చూస్తారు. అడవి నుంచి గుంజలు, వాసాలు వస్తాయి. నలుగురూ కలిసి నిలబెడతారు. ఆ ఇంటికి నెలనెలా డబ్బు కట్టాలని మా తాతలతో అంటే నవ్వేవారు. కిరాయి అన్న మాట మన ఇళ్ళలోకి చదువుతోపాటు వచ్చింది. ఆశ్రమ పాఠశాల దాటి ఇంటర్‌కో, డిగ్రీకో పట్నం పోయి, హాస్టల్లో సీటు దొరక్క, ముగ్గురు నలుగురం కలిసి ఒక రూము తీసుకున్నాం. "మీరేమోళ్ళు?" అని అడిగి, మన జవాబు విన్నాక "రూము ఖాళీ లేదు" అన్న ఓనర్లనూ చూశాం. తర్వాత కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. అప్పు చేసి పట్నంలో ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు మన పిల్లలు ఒకచోట కిరాయి కడుతుంటే, మనలో కొందరం ఇంకోచోట కిరాయి తీసుకుంటున్నాం. 2020లో ప్రభుత్వం "కిరాయి అడగవద్దు, ఇల్లు ఖాళీ చేయించవద్దు" అన్నప్పుడు మేము రెండు వైపులా ఉన్నాం. అందుకే ఈ సంగతులు రాస్తున్నాం.

మా ఇంట్లో ఒక్కరికే జీతం. టీటీసీ చదివి టీచరు ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళు దాటింది. బడి ఏజెన్సీలో ఉంది. పిల్లల చదువుల కోసం ఆదిలాబాద్ పట్టణంలో బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్నాం. ముందు వైపు రెండు గదుల పోర్షన్ ఒకటి, వెనక వైపు ఒక గది కిరాయికిచ్చాం. ముందు పోర్షన్‌లో ఒక ప్రైవేటు బడి టీచరు, ఆయన భార్య, ఇద్దరు చిన్న పిల్లలు ఉండేవారు. కిరాయి 5,000. వెనక గదిలో జార్ఖండ్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు, టైల్స్ వేసే పనివాళ్ళు. కిరాయి 3,000. ఈ 8,000కు మేము 6,200 కలిపితే బ్యాంకు వాయిదా 14,200 అయ్యేది. మా లెక్కంతా అంతే. అందులో ఒక్క ముక్క జారినా మిగతాది నిలవదు.

2020 మార్చి చివర అన్ని ముక్కలూ ఒకేసారి జారాయి. లాక్‌డౌన్ వచ్చింది. బడులు మూతపడ్డాయి. మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు ఇచ్చింది. కిరాయి ఇళ్ళలో ఉన్న కార్మికులను, వలస వచ్చినవాళ్ళను ఒక నెల పాటు కిరాయి అడగరాదు, కూలీలను గానీ విద్యార్థులను గానీ ఖాళీ చేయమని బలవంతపెడితే చర్య ఉంటుంది అని అందులో ఉంది. ఏప్రిల్ 19న మన రాష్ట్ర ముఖ్యమంత్రి మార్చి, ఏప్రిల్, మే నెలల కిరాయిలు ఎవరూ వసూలు చేయవద్దని ప్రకటించారు. వెంటనే ఉత్తర్వు కూడా వచ్చింది. ఆ మూడు నెలల కిరాయిని తర్వాత వాయిదాల్లో, వడ్డీ లేకుండా తీసుకోవాలి. ఎవరైనా వేధిస్తే 100కు ఫోన్ చేయాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ రెండు ఉత్తర్వుల్లోనూ కిరాయి మాఫీ లేదు. ఉన్నది గడువు మాత్రమే. కానీ వార్త ఊళ్ళోకి వచ్చేసరికి మారిపోయింది. కిరాయిదార్లలో చాలామంది "మూడు నెలలు మాఫీ అయింది" అనుకున్నారు. ఓనర్లలో కొందరు "మా ఇంటి మీద ప్రభుత్వానికేం హక్కు" అన్నారు. ఉత్తర్వును పూర్తిగా చదివినవాళ్ళు రెండు వైపులా తక్కువే.

మాకు వచ్చిన కష్టం ఏమిటంటే, అదే సమయంలో రాష్ట్ర ఉద్యోగుల జీతం సగం ఆపారు. మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు సగం జీతమే వచ్చింది. ఆపిన సగం తర్వాత వాయిదాల్లో ఇచ్చారు గానీ ఆ వేసవిలో చేతికి రాలేదు. బ్యాంకు అప్పుకు మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలల మారటోరియం ఇచ్చింది, మే నెలలో ఇంకో మూడు నెలలు పెంచింది. మేము మొదటి మూడు నెలలు వాడుకున్నాం. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. మిగిలిన 12 లక్షల అప్పు మీద నెలకు సుమారు 8,500 చొప్పున వడ్డీ పెరిగి అసలులో కలిసింది. ఆ తర్వాత వడ్డీ మీద పడ్డ వడ్డీని రెండు కోట్ల లోపు అప్పులకు కేంద్రం తిరిగి ఇచ్చింది. మా ఖాతాలో పడింది వెయ్యి లోపే. కిరాయిదారు మీద వడ్డీ వేయవద్దనడం న్యాయమే. ఆ న్యాయం బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఇక రెండో వైపు. మా బిడ్డ హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇంకో ఇద్దరు అమ్మాయిలతో ఒక రూములో ఉండి చదువుకునేది. కిరాయి 7,500, తలా 2,500. జనతా కర్ఫ్యూకు ముందు రోజు రెండు జతల బట్టలతో ఇంటికి వచ్చింది. ఆ వారంలోనే హైదరాబాద్‌లో హాస్టళ్ళు ఖాళీ చేయమంటే వందల మంది పిల్లలు పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డారు. మా బిడ్డ ఇంట్లోనే ఉంది గానీ పెట్టె అక్కడ ఉండిపోయింది. ఆ పెట్టెలో పుస్తకాలు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం. మన పిల్లలకు ఆ కాగితాలంటే ఏమిటో చదివేవారికి వేరే చెప్పనక్కర లేదు. ఒక్క కాగితం పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి ఎన్ని ఆఫీసులు, ఎన్ని కూలి రోజులు పోతాయో మనకు తెలుసు.

ఏప్రిల్ చివర రూము ఓనరమ్మ ఫోన్ చేసింది. కిరాయి వేయకపోతే సామాను బయట పెట్టించి రూము వేరేవాళ్ళకు ఇస్తానంది. బిడ్డ భయపడి, "బాపూ, పెట్టె పోతదేమో" అని ఏడ్చింది. ఉత్తర్వు కాపీ ఫోన్‌లో తెరిచి, ఆమెతోనే మాట్లాడమన్నాం. బిడ్డ మర్యాదగానే చెప్పింది: "అమ్మా, విద్యార్థులను ఖాళీ చేయించొద్దని ఉంది. మూడు నెలలు ఆగి వాయిదాల్లో తీసుకోమని ఉంది. మేము ఎగ్గొట్టం." అటు నుంచి కాసేపు మాట రాలేదు. తర్వాత ఆమె అంది: "నాకు ఈ రెండు రూముల కిరాయి తప్ప ఇంకేం లేదు బిడ్డా. ప్రభుత్వం బియ్యం ఇస్తది, బీపీ గోలీలు ఇస్తదా?"

ఆ మాట విన్నాక మేము ఆమె మీద కోపం పెంచుకోలేకపోయాం. ఆమెకు 100 నంబరు గుర్తు చేసి గెలవడం కష్టం కాదు. గెలిచాక ఆమె మందులకు డబ్బు ఎవరిస్తారు? ముగ్గురు అమ్మాయిల ఇళ్ళవాళ్ళం ఫోన్‌లో కలిసి మాట్లాడుకున్నాం. మూడు నెలలకు 22,500. రూము తాళం వేసి ఉంది కాబట్టి ఒక నెల వదిలేయమని అడిగాం, ఆమె ఒప్పుకుంది. మిగిలిన 15,000ను తలా నెలకు వెయ్యి చొప్పున అయిదు నెలల్లో వేస్తామని మెసేజ్ రాసి పంపాం. ఆమె "సరే" అని జవాబిచ్చింది. ఆ "సరే"ను బిడ్డ ఫొటో తీసి దాచింది. పెట్టె ఉన్నచోటే ఉంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు మా ముందు పోర్షన్‌లో పూర్తిగా నిశ్శబ్దం. ప్రైవేటు బడి మూతపడింది, సారుకు మార్చి నెల జీతమే సగం ఇచ్చారు, ఏప్రిల్ నుంచి అదీ లేదు. మేము అడగకూడదు కాబట్టి అడగలేదు. వాళ్ళు ఇవ్వలేరు కాబట్టి మాట్లాడలేదు. అంతకు ముందు రెండు ఇళ్ళ మధ్య కూర గిన్నెలు తిరిగేవి. ఇప్పుడు మేము బోరు దగ్గర నిలబడితే వాళ్ళు లోపలే ఉండిపోయేవారు. ఆయన గేటు చప్పుడు కాకుండా తీసేవాడు. ఉత్తర్వు కిరాయి అడగవద్దంది. మేము రెండు ఇళ్ళవాళ్ళం మాటలే మానేశాం.

బంధువులు ఫోన్లలో సలహాలిచ్చారు. "మే నెల దాటగానే ఖాళీ చేయించండి. మనవాడైతే వేరే, వాడు మనవాడు కాదు కదా" అన్నారు కొందరు. "ఇన్నాళ్ళు వాళ్ళు మనల్ని చేసిందేమిటి?" అని కూడా అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. దాన్ని తేలిగ్గా తీసేయలేం. మన ఆదిలాబాద్ గోండుల చరిత్ర తెలిసినవాళ్ళకు సాహుకారు బుక్కు సంగతి తెలుసు. విత్తనాలకు నాగు తెస్తే పంటకాలంలో ఒకటికి ఒకటిన్నర కొలవాలి. కొలిచింది ఎంతో, మిగిలింది ఎంతో రాసేది ఆయన బుక్కులోనే. మనం వేసేది వేలిముద్ర. అట్లా ధాన్యం పోయింది, ఎడ్లు పోయాయి, చివరికి భూమి పోయింది. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చింది ఈ భూమి కోసమే. ఆ తర్వాత వచ్చిన హైమన్‌డార్ఫ్ ఈ బాకీల సంగతీ, భూములు పోయిన సంగతీ రాశారు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ల శిక్షణ మొదలైంది. మన పిల్లలు రాయడం, లెక్క చూడడం నేర్చుకోవాలన్నది దాని వెనక ఉన్న పెద్ద అవసరం. 1960లో ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం మీద నియంత్రణ చట్టం కూడా వచ్చింది.

అంత చరిత్ర తర్వాత మా ఇంట్లో ఒక బుక్కు ఉంది. అందులో ఇంకొకరి పేరు కింద బాకీ రాసి ఉంది. మా వంశంలో బుక్కు మా చేతికి రావడం ఇదే మొదటిసారి. ఆ బుక్కును ఎట్లా పట్టుకోవాలన్నదే మాకు ఎదురైన ప్రశ్న.

మనకు దారి మన దగ్గరే ఉంది. రాయి సెంటర్‌లో పంచాయితీ ఎట్లా జరుగుతుందో చూసినవాళ్ళమే కదా. సార్‌మేడి ముందు ఇద్దరూ కూర్చుంటారు. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగుతారు. చెప్పవలసింది నలుగురిలో చెప్తారు. జూన్ మొదటి ఆదివారం వరండాలో చాప పరిచాం. మా బావగారిని పిలిచాం. ఆ సారు తన బడిలోనే పనిచేసే ఒక స్నేహితుణ్ణి తెచ్చుకున్నాడు. దూరం దూరంగా, మూతికి గుడ్డలు కట్టుకొని కూర్చున్నాం. ముందు మేమే మా బ్యాంకు కాగితం, సగం జీతం కాగితం మధ్యలో పెట్టాం. ఆయన తన దగ్గర ఏ కాగితమూ లేదన్నాడు. ఆయన భార్య మాట్లాడింది: "అక్కా, మీరు అడగరు, మేము చెప్పం. మొగోళ్ళ సంగతేమో గానీ నాకు రోజూ గేటు దాటాలంటే తల కొట్టేసినట్టుంది. మీరు అడగండి, మేం చెప్తాం." ఆ తర్వాత మాటలు తేలికయ్యాయి.

ఆయన బండి మీద కూరగాయలు అమ్ముదామనుకుంటున్నానన్నాడు. టీచరు ఆ మాట చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో మాకు అర్థమైంది. ఒప్పందం ఇట్లా కుదిరింది. మూడు నెలల బాకీ 15,000, వడ్డీ లేదు. బడి తెరిచి జీతం మొదలైన నెల నుంచి నెలకు వెయ్యి. జూన్ నుంచి ఆయన బడి మూసి ఉన్నన్నాళ్ళూ కిరాయి 5,000 కాదు, 3,000. తగ్గించిన 2,000 బాకీ కింద రాయం, వదిలేస్తాం. ఇదంతా రెండు కాగితాల మీద ఒకే మాటలతో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, సాక్షులతో పెట్టించి, ఒకటి వాళ్ళకిచ్చాం. సాహుకారు మన తాతలకు ఏనాడూ ఇవ్వనిది ఆ రెండో కాగితమే.

వెనక గది కుర్రవాళ్ళ సంగతి వేరే. వాళ్ళు ఒరావ్ పిల్లలు. వాళ్ళ కుడుఖ్ భాష, మన గోండీ ఒకే ద్రావిడ కుటుంబానివి. రేషన్ బియ్యం, రాష్ట్రం ఇచ్చిన 500 రూపాయలతో ఏప్రిల్ గడిపారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు పోయిందన్న వార్త విన్నప్పటి నుంచి వాళ్ళకు నిద్ర లేదు. పేర్లు రాయించుకొని మే మూడో వారంలో ఇంకో రైలెక్కారు. రెండు నెలల కిరాయి 6,000 మిగిలింది. టైల్స్ కోసే మిషను గదిలోనే వదిలి, "ఇది ఉంచండి, మళ్ళీ వస్తం" అన్నారు. తెలిసినవాళ్ళు "అది అమ్మితే కిరాయి వస్తది" అన్నారు. పనిముట్టు అమ్మితే ఆ పిల్లలు మళ్ళీ వచ్చి ఏం చేసుకొని బతుకుతారు? సంచిలో చుట్టి అటక మీద పెట్టాం. మరుసటి ఏడు జనవరిలో ఒకడు వచ్చి, 2,000 ఇచ్చి, మిషను తీసుకుపోయాడు. మిగిలిన 4,000 అతని ముందే కొట్టేశాం. ఆ గది ఎనిమిది నెలలు ఖాళీగా ఉంది. ఆ నష్టం నష్టమే, దాన్ని దానమని చెప్పుకోం.

మే నెలతో ఉత్తర్వు గడువు అయిపోయింది. కష్టం మాత్రం అయిపోలేదు. ప్రైవేటు బడుల్లో పై తరగతులు 2021 ఫిబ్రవరిలో తెరిచి, మార్చి 24 నుంచి మళ్ళీ మూసేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ నెల వాళ్ళు మాకు కట్టిన 3,000లో ఆ రెండు వేలు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది. సెప్టెంబరు 1న బడులు మళ్ళీ తెరిచారు. ఫిబ్రవరి, మార్చిల్లో రెండు వేలు, ఆ సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి చొప్పున పదమూడు వేలు. 2022 సెప్టెంబరుతో 15,000 పూర్తయింది. చివరి వెయ్యి ఇచ్చిన రోజు ఆయన తన కాగితం తెచ్చాడు, మేము మా కాగితం తెచ్చాం. రెండింటి మీదా "చెల్లు" అని రాశాం. మూడు నెలల గడువిచ్చిన ఉత్తర్వు మంచిదే. కానీ ఆ బాకీ తీరడానికి రెండేళ్ళ మీద పట్టింది. ఆ రెండేళ్ళు ఉత్తర్వు లేదు. మా మధ్య ఉన్నది ఆ కాగితమే.

ఇప్పుడు రూముల్లో ఉండి చదువుకుంటున్న మన యువతకు కొన్ని మాటలు. కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, ఏ తేదీన చేరాం అన్నది మొదటి రోజే రాయించుకోండి. డబ్బు చేతికిస్తే రసీదు అడగండి, ఫోన్‌లో వేస్తే ఆ వివరం దాచండి. నెలనెలా కిరాయి పద్ధతిలో ఖాళీ చేయించాలంటే సాధారణంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. నోటీసు తర్వాత కూడా ఓనరు తానే తాళం పగలగొట్టి సామాను బయట పారేయడం కుదరదు, కోర్టుకు పోవలసిందే. అదే సమయంలో, కష్టం వచ్చిందని కిరాయి దానంతటదే మాఫీ కాదు. 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఒక దుకాణం కేసులో లాక్‌డౌన్ ఒక్కటే కిరాయి ఆపడానికి కారణం కాదని చెప్పింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం ఉండాలని, నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలలు మించరాదని అంటుంది. అది రాష్ట్రాలు తమ చట్టాలు చేసుకోవడానికి ఇచ్చిన నమూనా. అసలు కాగితాలు మాత్రం రూములో పెట్టకండి, నకళ్ళు పెట్టుకోండి. కిరాయి కట్టలేని నెల వస్తే ఫోన్ ఆపేయకండి. ముందుగా మీరే చెప్పండి.

ఇల్లు కిరాయికిచ్చే మనవాళ్ళకు ఇంకో మాట. మా ఇల్లు మైదాన ప్రాంతంలో ఉంది. ఏజెన్సీ గ్రామాల్లో సంగతి వేరు. 1959 భూబదిలీ నిబంధనలో, దాన్ని సవరించిన 1/70లో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులో ఉంది. గిరిజనేతరులకు జాగ గానీ ఇల్లు గానీ కాగితం రాసి ఇచ్చే ముందు ఐటీడీఏలో అడిగి తెలుసుకోండి. కిరాయి కాగితం పేరుతో మొదలై జాగ పోయిన కథలు మన ఊళ్ళలో కొత్త కాదు.

తోటి టీచర్లకు మా మనవి ఒకటే. నాలుగు, అయిదు తరగతుల్లో కూడికలు, తీసివేతలు చెప్పేటప్పుడు పాఠ్యపుస్తకంలోని మామిడిపళ్ళతోపాటు ఒక బాకీ కాగితం కూడా రాయించండి. తరగతిలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరిని కిరాయికిచ్చేవారిగా, ఒకరిని కట్టేవారిగా పెట్టండి. ఒకే లెక్కను రెండు కాగితాల మీద రాసి, మార్చుకొని, సరిచూసుకోమనండి. మా బడిలో మూడేళ్ళుగా చేయిస్తున్నాం. మొదట్లో అందరూ ఓనరుగానే ఉంటామని కొట్లాడతారు. రెండో రోజు పాత్రలు మార్చితే, నిన్న తామే వేసిన లెక్కలో తప్పులు వాళ్ళకే కనిపిస్తాయి.